ఆస్పత్రిలో చేరినా పార్కిన్సన్స్ రోగి మాత్ర తన టైముకే పడాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ 11న ప్రపంచ పార్కిన్సన్స్ దినం వస్తుంది. 1817లో ఈ జబ్బు గురించి వివరంగా రాసిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ పుట్టినరోజు అది. ఆ వారంలో పేపర్లన్నిటిలోనూ వ్యాసాలు పడతాయి. మా ఇంట్లో ఆ జబ్బు ఉంది కాబట్టి వాటిని కత్తిరించి దాచుకుంటాను. చేతులు వణకడం ఎలా మొదలవుతుందో, మెదడులో తీగలు అమర్చే ఆపరేషన్ ఎవరికి పనికొస్తుందో వాటిలో చక్కగా రాస్తారు. కానీ రోగి రోజూ వేసుకునే మాత్ర ఏ వేళకు వేసుకోవాలి, దేనితో కలపకూడదు, ఇంకేదో జబ్బు చేసి ఆస్పత్రిలో చేరితే ఆ మాత్ర సంగతి ఎవరు చూడాలి అన్న విషయాలకు రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. మనిషిని పొద్దున్నే మంచం మీంచి లేపి నిలబెట్టేది ఆ మాత్రే. అందుకని ఈ ఉత్తరం కాస్త పెద్దదైనా వేయమని కోరుతున్నాను.

మాది భీమవరం. రోగి మా మామయ్యగారు. సహకార సంఘంలో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు జబ్బు వణుకుతో బయటపడలేదు, దస్తూరీలో బయటపడింది. ఇంటి జమాఖర్చుల పుస్తకంలో వరస మొదట్లో గుండ్రంగా ఉన్న అక్షరం వరస చివరికి వచ్చేసరికి నువ్వుగింజంత అయిపోయేది. కళ్ళద్దాలు మార్చాలేమో అనుకున్నాం. తర్వాత నడిచేటప్పుడు కుడి చెయ్యి ఊగడం మానేసింది. విజయవాడలో న్యూరాలజిస్టుగారు చూసి, కాగితం మీద నాలుగు వరసలు రాయించి, లేచి నడవమని, పార్కిన్సన్స్ అని చెప్పారు.

అప్పటినుంచి వాడుతున్న ముఖ్యమైన మందు లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర. మెదడులో డోపమిన్ అనే, కదలికలకి కావలసిన రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్ల ఈ జబ్బు వస్తుంది. డోపమిన్‌నే మాత్రగా ఇద్దామంటే అది రక్తంలోంచి మెదడులోకి పోలేదు. లెవోడోపా పోగలదు, పోయి అక్కడ డోపమిన్‌గా మారుతుంది. దారిలోనే మారిపోకుండా కార్బిడోపా కాపాడుతుంది. ఈ మందు వాడకంలోకి వచ్చి యాభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ దీన్ని మించింది లేదని డాక్టరుగారు అన్నారు. చిక్కల్లా ఏమిటంటే ఇది రక్తంలో ఎక్కువసేపు నిలవదు. జబ్బు మొదట్లో మెదడు కొంత సర్దుకుంటుంది కాబట్టి తేడా తెలియదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఒక మాత్ర మూడు నాలుగు గంటలకే దిగిపోతుంది. బీపీ మాత్ర గంట ఆలస్యమైతే మనిషికి తెలియకపోవచ్చు. ఈ మాత్ర గంట ఆలస్యమైతే మనిషి కుర్చీలోంచి లేవలేడు.

మా ఇంట్లో మాత్రల వేళలు పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6. రాత్రి పడుకునే ముందు నెమ్మదిగా విడుదలయ్యే సీఆర్ రకం ఒకటి. ఆరింటికి ఆయన మంచం మీద ఉండగానే మాత్ర, గ్లాసు మంచినీళ్ళు ఇస్తాను. మింగేటప్పుడు కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచమంటాను, పొలమారకుండా. అప్పుడు ఆయన ముఖంలో ఏ కదలికా ఉండదు. పది నిమిషాలకూ అలాగే ఉంటారు. అరగంట దాటేసరికి ముందు కాలి బొటనవేలు కదులుతుంది, తర్వాత భుజం. ఇంకాసేపటికి దుప్పటి తనే తీసుకుని, "అమ్మాయ్, పేపరొచ్చిందా?" అని అడుగుతారు. చొక్కా గుండీలు పై నుంచి కింద దాకా తనే పెట్టుకుంటారు. ఆ గుండీలు పెట్టుకోవడం కోసమే నేను ఐదున్నరకి అలారం పెట్టుకుంటాను. ఇంకొకరు పెడితే ఆయనకు నామోషీ.

తిండి సంగతి చాలామందికి తెలియదు. లెవోడోపా పేగుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి వెళ్ళే దారీ, మాంసకృత్తులు అరిగితే వచ్చే అమినో ఆమ్లాలు వెళ్ళే దారీ ఒకటే. పప్పన్నం తిన్న వెంటనే మాత్ర వేస్తే మాత్ర వెనకబడిపోతుంది. అందుకని భోజనానికి కనీసం అరగంట ముందు గానీ, తిన్న గంట తర్వాత గానీ వేయాలి. పెసరట్టు, గుడ్డు, పాలు, పెరుగు, చేపలు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. భీమవరంలో ఉండి చేప మానేయమంటే ఎవరు మానతారు? మానక్కర్లేదు కూడా, మానేస్తే కండ తగ్గి ఇంకా నీరసిస్తారు. డాక్టరుగారి సలహాతో చేపల పులుసు, పప్పు రాత్రి భోజనానికి మార్చాం. పగలు అన్నం, కూర, చారు, కాస్త మజ్జిగ. అప్పటినుంచి మధ్యాహ్నం రెండింటి మాత్ర పనిచేయడం మొదలైంది. మాత్ర మొదలుపెట్టిన కొత్తలో ఖాళీ కడుపున వేస్తే వికారం వస్తుంది కొందరికి. వాళ్ళు రెండు బిస్కెట్లతో వేసుకోవచ్చు, పాలతో వద్దు. రక్తం పట్టడానికి ఇచ్చే ఐరన్ మాత్ర కూడా దీన్ని పట్టేసుకుంటుంది. రెంటికీ మధ్య రెండు గంటలైనా తేడా ఉండాలి.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెబుతాను. కిందటి వేసవిలో మామయ్యగారికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. పేరు రాయను, ఎందుకంటే అక్కడ జరిగింది ఎక్కడైనా జరిగేదే. చేరగానే మా మందుల డబ్బా తీసుకుని, సొంత మందులు వార్డులో ఉంచకూడదు, మేమే ఇస్తాం అన్నారు. డబ్బా మూతకి నేను వేళలు రాసిన కాగితం అంటించి ఉంది. నోటితో కూడా చెప్పాను. కేసు షీటులో మాత్రం రోజుకు నాలుగుసార్లు అని ఎక్కింది. ఆ వార్డులో మందుల ట్రాలీ తిరిగే వేళలు వేరు. సాయంత్రం ఆరింటి మాత్ర మిగతా అందరి మందులతో పాటు తొమ్మిది దాటాక వచ్చింది. రాత్రి వేసే సీఆర్ రకం వాళ్ళ ఫార్మసీలో స్టాకు లేదన్నారు. మా డబ్బాలోది ఇవ్వమంటే డబ్బా ఉన్న బీరువా తాళం పగలు డ్యూటీ వాళ్ళ దగ్గర ఉంది. ఈలోగా వాంతులు ఆగడానికి సెలైన్‌లో ఒక ఇంజక్షన్ కలిపారు, రాత్రి మళ్ళీ ఒకసారి.

తెల్లారేసరికి ఆయన పక్కకు కూడా ఒత్తిగిలలేకపోయారు. కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్ప పడటం లేదు. చొంగ చెంప మీంచి దిండు మీదకి కారుతోంది. చెయ్యి పట్టుకుని ఎత్తబోతే కర్రలా బిగిసి ఉంది. "మామయ్యగారూ" అని పిలిస్తే పెదవి కదిలింది గానీ మాట రాలేదు. డ్యూటీ డాక్టరు పక్షవాతం అనుకుని తలకి సీటీ స్కాన్ తీయించారు. అందులో ఏమీ లేదు. మావారు విజయవాడ డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "వాంతులకి ఏం ఇంజక్షన్ చేశారు?" కేసు షీటు ఫోటో పంపాం. మెటోక్లోప్రమైడ్.

ఆ మందు మెదడులో డోపమిన్‌ని అడ్డుకుని వాంతిని ఆపుతుంది. మామూలు మనిషికి ఒకటి రెండు మోతాదులతో చాలావరకు ఏమీ కాదు. అసలే డోపమిన్ చాలక మాత్రలతో నెట్టుకొస్తున్న మనిషికి, అదీ మాత్రలు సరిగ్గా పడని రాత్రి, అదే మందు ఇస్తే ఉన్న కాస్తా పోతుంది. ఆ ఇంజక్షన్ ఆపించి, మామూలు రకం లెవోడోపా మాత్రని నీళ్ళలో కలిపి ముక్కు గొట్టం ద్వారా ఆయన వేళలకే ఇవ్వమని డాక్టరుగారు ఫోన్లోనే చెప్పారు. ఆస్పత్రి వాళ్ళు వెంటనే పాటించారు, అది కూడా చెప్పాలి. రెండో రోజుకి కళ్ళతో పలకరించారు. మళ్ళీ చొక్కా గుండీ తను పెట్టుకోవడానికి చాలా రోజులు పట్టింది.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ ఎంతో ఓపికగా చూసుకుంది, రెండుసార్లు పక్క మార్చింది. ఈ జబ్బుకి మాత్ర వేళ ఎంత ముఖ్యమో ఆ అమ్మాయికి ఎవరూ నేర్పలేదు. అది నేర్పించాల్సిన బాధ్యత ఆస్పత్రి నడిపేవాళ్ళది, నర్సింగ్ కాలేజీలది.

పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో ఈ పేర్లు గోడ మీద రాసి పెట్టుకోవాలి. వాంతులకీ కళ్ళు తిరగడానికీ ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్. కళ్ళు తిరగడానికి, పార్శ్వపు నొప్పికి వాడే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్. రాత్రిళ్ళు కలవరిస్తున్నారని ఇచ్చే హాలోపెరిడాల్. ఇక మన దగ్గర ఎక్కువగా తిరిగేది లెవోసల్‌పిరైడ్. ఇది విడిగా దొరికినా, ఎక్కువగా గ్యాస్ క్యాప్సూల్‌లో కలిసి వస్తుంది. అట్ట మీద బ్రాండు పేరు పెద్దగా, ఈ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. రోగికి మలబద్ధకం, కడుపుబ్బరం ఎలాగూ ఉంటాయి కాబట్టి మందుల షాపుకి వెళ్ళి గ్యాస్ బిళ్ళ అడగడం, షాపతను ఇది ఇవ్వడం మామూలైపోయింది. మా వీధిలో ఒక పెద్దావిడకి పార్కిన్సన్స్ ఏమీ లేదు. ఈ క్యాప్సూల్ నెలల తరబడి వాడితే గడ్డం, చేతులు వణకడం, కాళ్ళు ఈడ్చుకుంటూ నడవడం మొదలయ్యాయి. డాక్టరు అది ఆపించాక మెల్లగా సర్దుకుంది. వయసు మీద పడింది కదా అని ఇంట్లోవాళ్ళు ఊరుకుని ఉంటే ఆవిడ జీవితమంతా వణుకుడు జబ్బు మనిషిగానే మిగిలిపోయేది.

మరి వాంతులొస్తే ఏం చేయాలి? డోంపెరిడోన్ మెదడులోకి పెద్దగా పోదు కాబట్టి సాధారణంగా దాన్ని ఎంచుకుంటారు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం డాక్టరు ఈసీజీ చూసి ఇవ్వాలి. ఒండాన్‌సెట్రాన్ కూడా చాలామందికి ఇవ్వవచ్చు, అపోమార్ఫిన్ అనే పార్కిన్సన్స్ మందు తీసుకునేవాళ్ళకి మాత్రం కూడదు. రసజిలిన్, సెలెజిలిన్ అనే పార్కిన్సన్స్ మందులు వాడేవాళ్ళు ట్రమడాల్ అనే నొప్పి మందు, డెక్స్‌ట్రోమెథార్ఫన్ కలిసిన దగ్గు సిరప్ వేసుకోకూడదు. ఇవన్నీ మా డాక్టరుగారిని అడిగి రాసుకున్నవే. ఎవరికివారు తమ డాక్టరుని అడిగి తమ చీటీ మీద రాయించుకోవాలి.

మందుల షాపులకి ఒక మాట. లెవోడోపా మాత్రల అట్టల మీద 110, 125, 275 అని అంకెలు ఉంటాయి. 110 అంటే లెవోడోపా 100, కార్బిడోపా 10 మిల్లీగ్రాములు. 125 అంటే 100, 25. 275 అంటే 250, 25. 125 లేదని 275 ఇస్తే లెవోడోపా రెండున్నర రెట్లు పడుతుంది. రోగి కాళ్ళూ చేతులూ మెలికలు తిరుగుతాయి, లేనివి కనిపిస్తాయి. సీఆర్ అని ఉన్నదాన్ని నూరకూడదు, నమలకూడదు. మింగలేకపోతున్నారని రోట్లో నూరి తేనెతో నాకించిన ఇళ్ళు నాకు తెలుసు. అలా చేస్తే నెమ్మదిగా రావాల్సిన మందంతా ఒక్కసారే వచ్చి పడుతుంది. స్టాకు లేకపోతే లేదని చెప్పండి, పక్క ఊరినుంచి తెచ్చుకుంటాం.

దూలగొండి గింజల పొడి గురించి కూడా రాయాలి. మన వైద్యంలో ఎప్పటినుంచో ఉన్నది, దాన్ని చులకన చేయను. ఆ గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంది. అందుకే భయం. మాత్రలు వేసుకుంటూ, డాక్టరుకి చెప్పకుండా ఆ పొడి కూడా తీసుకుంటే ఎంత మందు లోపలికి పోతోందో లెక్క ఉండదు. ఇదేదో బాగా పనిచేస్తోందని మాత్రలు మానేయడం అంతకన్నా ప్రమాదం. ఈ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఒళ్ళంతా బిగుసుకుని, విపరీతమైన జ్వరం వచ్చి, ప్రాణం మీదకి రావచ్చు. తగ్గించాలన్నా, మార్చాలన్నా మెల్లమెల్లగా, డాక్టరు చెప్పినట్టే.

ఉపవాసాల సంగతీ ఇందులోకే వస్తుంది. మామయ్యగారు కార్తీక సోమవారాలు గునుపూడి సోమారామంలో దర్శనం చేసుకుని నక్షత్రం చూసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టేవారు కాదు. జబ్బు వచ్చాక, మందుకీ నీళ్ళకీ దోషం లేదని పూజారిగారి చేత చెప్పించాం. అప్పటినుంచి తిండి మానతారు, మాత్ర మానరు. ఆపరేషన్‌కి ముందు ఏమీ తినకూడదు, తాగకూడదు అన్నప్పుడు కూడా మత్తు డాక్టరుతో ముందే మాట్లాడాలి. గుక్కెడు నీళ్ళతో మాత్ర వేయవచ్చో, వేరే దారిలో ఇస్తారో ఆయన చెబుతారు. ఏమీ అడగకుండా పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా మందు లేకుండా పడుకోబెట్టడం మాత్రం వద్దు.

ఇంకొకటి రాయడానికి మనసు కష్టంగా ఉన్నా రాస్తున్నాను. ఈ జబ్బుకే ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అనే మందులు కొందరిలో అదుపులేని కోరికలు పుట్టిస్తాయి. జూదం, కొనుగోళ్ళు, తిండి, కామం. మామయ్యగారి స్నేహితుడు ఒకాయన జీవితంలో పేకముక్క పట్టని మనిషి. రాత్రిళ్ళు ఫోన్లో రమ్మీ ఆడి పెన్షన్ డబ్బులు పోగొట్టుకున్నారు. కొడుకులు ముసలితనంలో ఇదేం బుద్ధి అని నలుగురిలో తిట్టారు. మందు మోతాదు డాక్టరు మెల్లగా తగ్గించాక ఆ ఆట మీద ధ్యాసే పోయింది. ఆ మందు రాసిన రోజే ఇంట్లోవాళ్ళని పక్కకి పిలిచి ఈ మాట చెప్పి ఉంటే ఆయనకి అంత అవమానం తప్పేది. డాక్టర్లందరికీ చేతులెత్తి దండం పెట్టి అడుగుతున్నాను, దయచేసి చెప్పండి.

బ్రిటన్‌లో పార్కిన్సన్స్ యూకే అనే సంస్థ, ఆస్పత్రుల్లో ఈ మాత్రలు వేళకి ఇవ్వాలని ఏళ్ళ తరబడి ప్రచారం చేసింది. అక్కడి వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ, ఆస్పత్రిలో ఉన్న రోగికి లెవోడోపా తన సొంత వేళకి అరగంట అటూ ఇటూలోపే అందాలని 2018లో ప్రమాణం పెట్టింది. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. కేసు షీటు మీద "రోజుకు నాలుగుసార్లు" అని కాకుండా 6, 10, 2, 6 అని రాస్తే చాలు. మంచం తల దగ్గర ఎర్ర అక్షరాలతో "పార్కిన్సన్స్, మెటోక్లోప్రమైడ్ వద్దు" అని ఒక కార్డు తగిలించాలి. వార్డు ఫార్మసీలో ఆ రకం లేకపోతే రోగి డబ్బాలోదే సిస్టర్ చేత వేయించాలి. మన రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలు ఒక్క సర్క్యులర్ ఇస్తే ప్రభుత్వ ఆస్పత్రులన్నిటిలో ఇది మొదలవుతుంది. ప్రైవేటు ఆస్పత్రులు సర్క్యులర్ కోసం ఆగక్కర్లేదు.

రోగుల ఇళ్ళవాళ్ళకి కూడా ఒక మాట. మందు వల్ల చెడు జరిగిందనిపిస్తే డాక్టరుకి చెప్పడంతో ఆగకుండా, కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800 180 3024 టోల్‌ఫ్రీ నంబరులో చెప్పవచ్చు. మేము చెప్పాం.

మీ పత్రికని కోరేది ఒక్కటే. పైన రాసిన మందుల పేర్లు, వేళల సంగతి ఎవరైనా న్యూరాలజిస్టు చేత సరిచూపించి, అరచేతిలో పట్టే పెట్టె కట్టి ఆరోగ్యం పేజీలో వేయండి. కత్తిరించి పర్సులో పెట్టుకునేలా ఉండాలి. ఏప్రిల్ దాకా ఆగవద్దు.

ఇట్లు,
ఒక కోడలు,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా

(మామయ్యగారికి తన సంగతి ఊరంతా తెలియడం ఇష్టం లేదు. ఆయన చదివి ఒప్పుకున్నాకే ఈ ఉత్తరం పంపుతున్నాను. పేరు వేయవద్దని మనవి.)